అమ్మకు మార్ఫిన్ సగమే ఇస్తున్నం, ఇప్పుడు డాక్టర్ డబుల్ చేసిండు... ఏం చెయ్యాలె అక్కా?

వరంగల్ నుంచి ఒక చెల్లె పొడుగు ఉత్తరం రాసింది, పేరు వద్దన్నది. వాళ్ళమ్మకు 58 ఏండ్లు, బీడీలు చేసుకుంట ఇద్దరు పిల్లల్ని సాదిన మనిషి, తంబాకు నమిలే అలవాటుండె, పోయినేడు దవడ లోపల క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్‌ల ఆపరేషన్ చేసిన్రు, కరెంటు (రేడియేషన్) పెట్టిన్రు, ఆర్నెల్లు మంచిగనే ఉండి మళ్ళ మెడ కింద గడ్డ లేసింది. ఇగ నయం చేసే వైద్యం లేదు, నొప్పి లేకుంట చూసుకోవాలె అని చెప్పి మార్ఫిన్ గోళీలు, 10 మిల్లీగ్రాములవి, నాలుగు గంటలకొకటి చొప్పున నెలకు 180 ఇచ్చిన్రు. అమ్మ ఈ చెల్లె దగ్గర్నే ఉంటున్నది, ఖర్చులు పెట్టేది మాత్రం పరకాల దిక్కు ఊర్లె ఉండే అన్న. ఆయన ఊరి ఆర్ఎంపీని అడిగితే "అది నల్లమందు, గుండె ఆగుతది, ఒక్కసారి అలవాటైతే వదలదు" అన్నడట. అప్పటిసంది సగం గోళీనే, అది గూడ అమ్మ ఓర్సుకోలేక ఏడ్చినప్పుడే, రోజుకు రెండు మూడుసార్లు. మధ్యల గల్లీల ఉన్న ఇంకో ఆర్ఎంపీతోని రోజుకొక నొప్పి సూది.

పోయినవారం దవాఖానకు పోతే డాక్టర్ "గోళీలు టైముకు ఇస్తున్నరా" అనడిగిండు, అన్న "ఇస్తున్నం సార్" అన్నడు, అయినా నొప్పి తగ్గలేదంటే డాక్టర్ ఒక్కోసారికి రెండు గోళీలు రాసిండు. ఇంటికొచ్చి పాత గోళీలు లెక్కపెడితే ఎంత లేదన్నా 135 ఉండాలె, 113 ఉన్నయి. ఇంట్ల భర్త ఎనుమాముల మార్కెట్ల హమాలీ, నడుము నొప్పితోని రాత్రుళ్ళు పండుకోడు. అన్న ఆదివారం ఆదివారం వస్తడు, అమ్మకు ఇష్టమని కల్లు తెస్తడు. వదినేమో "అత్త మత్తుకు మరిగింది, గోళీ కోసం గడియారం చూసుకుంట కూసుంటది" అంటది. చివరికి చెల్లె అడిగింది: "రెండు గోళీలు ఇస్తే నా చేతులతోని నేనే అమ్మను సంపినట్టైతదా అక్కా?"

చెల్లె, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. నేను డాక్టర్‌ను కాదు, ఇరవై ఏండ్లు క్యాన్సర్ వార్డుల నర్సుగ చేసిన దాన్ని, ఆ ఎరుకతోనే చెప్తున్న. నువ్వు అడిగినయి చాన ఉన్నయి గని అన్నిటికంటె ముందు నువ్వు అడగని ముచ్చట ఒకటున్నది.

కొత్త చీటీల ఉన్న రెండు గోళీలు ఇయ్యాల మొదలువెట్టకు. మార్ఫిన్ అంటే భయపడి చెప్తలేను, లెక్క తప్పింది కాబట్టి చెప్తున్న. డాక్టర్ ఏమనుకుంటున్నడు, అమ్మ రోజుకు ఆరు గోళీలు, 60 మిల్లీగ్రాములు వేసుకుంటున్నది, అయినా నొప్పి ఆగుతలేదు, అందుకని 120 చేద్దాం అనుకున్నడు. ఆయనకు చెప్పిన దాన్నిబట్టి చూస్తే ఆయన చేసింది కరెక్టే. కని అమ్మ ఒంట్లెకు నిజంగ పోతున్నది రోజుకు 10, ఎక్కువంటె 15. పదిహేనే తెలిసిన ఒంటికి రేపు పొద్దుగాల్నుంచి 120 అంటే ఎనిమిదింతలు. మీ ఇంట్ల అందరు భయపడుతున్నరు గదా ఊపిరి ఆగుతదని, ఆ ప్రమాదం అసలు ఉన్నది ఇక్కడ. మెట్టుమెట్టుగ పెంచుకుంట పోతే ఒళ్ళు తట్టుకుంటది, చాన పెద్ద మోతాదుల మీద గూడ మంచిగ మాట్లాడుకుంట, మనవలతోని ఆడుకుంట ఉన్నోళ్ళను నేను చూసిన. ఒక్కసారే కింద మెట్టు మీదికెళ్ళి పై మెట్టుకు దుంకుడు మాత్రం వద్దు.

అందుకని ఇయ్యాల్నే ఆ డాక్టర్‌కో, ఆ వార్డు నర్సుకో ఫోన్ కొట్టు. సుట్టుతిప్పుడు మాటలు వద్దు, ఉన్నదున్నట్టు చెప్పు: "సార్, భయానికి ఇన్ని దినాలు సగం గోళీనే ఇచ్చినం, రోజుకు రెండు మూడుసార్లే, రోజు నొప్పి సూది గూడ ఏయించినం, ఇప్పుడు ఎంతతోని మొదలువెట్టాలె?" అంతే. తిడతరేమో అని ఆగకు. మేం అటు దిక్కు కూసున్నోళ్ళం, ఇట్లాంటియి వారానికి రెండు చూస్తం, నిజం చెప్పినోళ్ళ మీద కోపం రాదు, మందు ఎందుకు పని చేస్తలేదో సమజైతది. ఆయన బహుశా మళ్ళ 5తోనో 10తోనో నాలుగు గంటలకోసారి మొదలువెట్టి రెండు మూడు దినాలకోసారి చూసుకుంట పెంచుదాం అంటడు. ఫోన్ దొరికేదాక ఇప్పుడిస్తున్న మోతాదు దాటకు, మొత్తానికి బంద్ గూడ చెయ్యకు. రేపటిదాక గూడ ఎవ్వరు దొరకకపోతే కాయితాలన్ని పట్టుకొని వరంగల్ ఎంజీఎం పెద్ద దవాఖానకు పో.

ఫోన్ చేసే ముందు ఒక పని చెయ్యి. పోయిన 22 గోళీల గురించి నువ్వు మొగనినీ అన్ననూ అనుమానించి రాసినవు, అమ్మ మాట ఎక్కడ ఎత్తలె. ముందు అమ్మ దిండు చూడు. నేను డ్యూటీల ఉన్నప్పుడు ఒక అవ్వ దిండు గలీబు మారుస్తుంటే లోపలికెళ్ళి చిన్న గుడ్డ మూట పడ్డది, విప్పితే తొమ్మిది గోళీలు, కొన్ని అర్ధం ముక్కలు, చెమటకు మెత్తబడి ఉన్నయి. దొరికిపోయిన అని ఆమె ముఖం చూసి నాకే ఏడుపొచ్చింది. "రాత్రి నొప్పి లేస్తే మీరు ఇయ్యరు గద బిడ్డా" అన్నది. నొప్పి మందు అడుక్కోవాల్సి వచ్చిన మనిషి దాసుకుంటది, ఆకలి చూసినోళ్ళు రొట్టె దాసుకున్నట్టు. మీ అమ్మ గూడ అట్లనే రాత్రుళ్ళు వేసుకుంటున్నదంటే నువ్వనుకున్న 15 తప్పు, డాక్టర్‌కు ఆ లెక్క గూడ తెలియాలె. కోపంగ అడగకు. "అమ్మా, ఇగనుంచి టైముకు నేనే ఇస్త, అడగనవసరం లేదు, నీ దగ్గర ఏమన్న ఉంటే నాకియ్యి" అని పక్కన కూసొని అడుగు.

ఇప్పుడు మీ వదిన మాట. గడియారం చూసుడు మరుగుడు కాదు. ఈ మామూలు మార్ఫిన్ గోళి మింగిన అరగంటకు గంటకు పట్టుకుంటది, నాలుగు గంటలకు దిగిపోతది, అందుకే నాలుగు గంటలకోసారి రాస్తరు. నొప్పి లేచినంక ఇస్తే ఏమైతది, ఆ అరగంట ఆమె నరకం చూస్తది, తర్వాత కొంచెం దిగుతది, సగం మోతాదు కాబట్టి జల్ది పోతది, మళ్ళ ఎప్పుడిస్తరా అని గోడ దిక్కు చూస్తది. మీరు చేసిన పద్ధతే ఆమెను గడియారానికి కట్టేసింది. నొప్పి ఉన్నా లేకున్నా టైముకు ఇచ్చి చూడు, మూడు నాలుగు దినాలల్ల గడియారం దిక్కు చూసుడు ఆమె మర్చిపోతది, నేను రాసిస్త.

అలవాటు అనే మాటల రెండు ముచ్చట్లు కలగాపులగం అయితున్నయి. నెలల తరబడి మార్ఫిన్ మీద ఉన్న ఒళ్ళు దానికి అలవాటు పడ్తది, ఒక్కసారే ఆపితే చెమటలు, ముక్కు కారుడు, విరేచనాలు, ఒళ్ళు జలదరించుడు అయితయి, అందుకే ఎప్పుడు ఆపినా డాక్టర్ మెల్లమెల్లగ తగ్గించి ఆపుతడు. ఇది ఒంటి సంగతి, ఎవ్వరికైనా అయితది. మనసు దాని ఎంట పడుడు, నొప్పి లేకున్నా మత్తు కోసం వెతుక్కునుడు, ఇల్లు సంసారం మర్చిపోవుడు, అది వేరే జబ్బు. క్యాన్సర్ నొప్పికి చీటీ ప్రకారం వేసుకునేటోళ్ళల్ల అది అరుదు. మీ అమ్మ గోళి అడిగేది రెండు ముద్దల జావ మింగనీకి, రెండు గంటలు పండుకోనీకి.

"నేనే సంపినట్టైతదా" అన్నవు. ఆ వాక్యం దగ్గర చాన సేపు ఆగిన. కాదు చెల్లె. డాక్టర్ చూసుకుంట పెంచిన మోతాదు టైముకు ఇస్తే పానం తీసేది మార్ఫిన్ కాదు, రోగం. మార్ఫిన్ ఎక్కువైతే గూడ ముందు ఊపిరి ఆగది, ముందు మగత వస్తది, తర్వాత పిలిస్తే పలుకుడు తగ్గుతది, ఆ తర్వాతనే ఊపిరి మందగిస్తది, అంటే మనకు చూసుకునే టైమ్ ఉంటది. మొదటి నాలుగైదు దినాలు అమ్మ ఎక్కువ పండుకుంటది, వికారం గూడ ఉండొచ్చు, పరేషాన్ కావద్దు, ఎన్ని వారాల నిద్ర బాకీ ఉన్నదో ఆమెకు. పిలిస్తే కళ్ళు తెరిచి మాట్లాడితే ఫికర్ లేదు. ఎంత లేపినా లేస్తలేదు, కంటిపాప గుండుసూది మొనంత అయింది, ఛాతీ దిక్కు చూసి ఫోన్ల ఒక నిమిషం పెట్టుకొని లెక్కపెడితే ఊపిరి ఎనిమిది కంటె తక్కువ ఉన్నది, ఇట్లుంటే ఇంకో గోళి ఇయ్యకు, ఎంబడే 108కు కొట్టు, మార్ఫిన్ ఇస్తున్నం అని చెప్పు. దీనికి దవాఖానల నలాక్సోన్ అనే విరుగుడు సూది ఉన్నది. చేతులు కాళ్ళు ఉలికులికి పడుడు, లేనోళ్ళను ఉన్నట్టు మాట్లాడుడు కనపడితే గూడ డాక్టర్‌కు చెప్పాలె, మందు ఒంట్ల పేరుకుంటున్నదన్నట్టు.

పేరుకునుడు అన్న కాబట్టి ఆ నొప్పి సూది సంగతి చెప్త. అది ఏ మందో నువ్వు రాయలె, ఊర్లల్ల ఎక్కువ వేసేది డైక్లోఫెనాక్. రోజు ఏస్తే అది కడుపుల పుండ్లు చేస్తది, కిడ్నీలను దెబ్బ తీస్తది. మార్ఫిన్ బయటికి పోవాల్సింది ఆ కిడ్నీల నుంచే. మార్ఫిన్‌కు భయపడి ఏయించిన సూదే రేపు మార్ఫిన్‌ను ప్రమాదం చేస్తది. సూది బంద్ పెట్టుమంటరో లేదో, కిడ్నీకి రక్త పరీక్ష కావాల్నో లేదో, ఆ ఫోన్లనే అడుగు.

కల్లు గురించి నాకు ఎక్కువ భయం ఉన్నది. మన దిక్కు కల్లుల అల్ప్రాజోలం, డయాజిపాం కలుపుడు కొత్త ముచ్చట కాదు, ఎన్ని కేసులు కాలేదు. నిద్రగోళీ మందు, మార్ఫిన్ రెండు కలిస్తే ఒకదానికొకటి తోడై ఊపిరిని పడగొడ్తయి. చెట్టు కల్లే అన్నా అందుల సారా గుణం ఉండనే ఉన్నది. అన్న ప్రేమతోనే తెస్తున్నడు, తెలుసు, తాటిముంజలు తెమ్మను, కొబ్బరినీళ్ళు తెమ్మను. ఆమెకు చాన ఏండ్ల కల్లు అలవాటు ఉంటే మాత్రం ఒక్కసారే మాన్పించుడు గూడ మంచిది కాదు, వణుకు, ఫిట్స్ రావొచ్చు, ఆ మాట గూడ డాక్టర్‌కు చెప్పాలె.

మలబద్ధకం సిరప్ తియ్యగ ఉన్నదని ఆపినం అని ఒక మాట రాసినవు. మళ్ళ మొదలువెట్టు. మగత, వికారం తగ్గిపోతయి గని మలబద్ధకం మాత్రం మార్ఫిన్ ఉన్నన్ని దినాలు ఉంటది. మా వార్డుల మార్ఫిన్ రాసిన ప్రతి చీటీల విరేచనం మందు ఉన్నదా లేదా అని మేం మళ్ళ చూసుకునేది, లేకపోతే డాక్టర్‌ను అడిగి రాయించేది. సిరప్ పడకపోతే గోళీలున్నయి. మూడు దినాలు పోకపోతే చెప్పు.

ఇగ నీ ముంగట ఉన్న తొవ్వలు. ఒకటి, ఇప్పుడున్నట్టే నొప్పి లేచినప్పుడు సగం సగం. ఇంట్ల గొడవ ఉండది, అన్న కోపానికి రాడు, కని అమ్మ ఉన్నన్ని దినాలు ఏడుస్తది, మాటిమాటికి మందు దాసుకుంటది, నువ్వు ప్రతి రాత్రి ఆ ఏడుపు ఇనుకుంట కూసోవాలె. రెండు, డాక్టర్ కొత్తగ చెప్పే లెక్క ప్రకారం గడియారం టైముకు. దీనికి నువ్వు పొద్దుగాల ఆరింటికి, పదింటికి, రెండింటికి, మాపు ఆరింటికి, రాత్రి పదింటికి ఇంటి దగ్గర ఉండాలె, రాత్రి రెండింటికి లేవకుంట పండుకునేటప్పుడే కొంచెం ఎక్కువ ఇయ్యొచ్చా అనేది డాక్టర్‌ను అడుగు, చానమంది అట్ల రాస్తరు. టైముకు ఇచ్చినా మధ్యల నొప్పి లేస్తే ఎక్స్‌ట్రా ఎంత ఇయ్యాల్నో గూడ ముందే రాయించుకో, మామూలుగ రోజు మొత్తం మోతాదుల ఆరోవంతు ఉంటది. గోడ క్యాలెండర్ల ప్రతి గోళికి పక్కన టైమ్ రాయి, ఎక్స్‌ట్రా ఇచ్చింది గుండ్రంగ చుట్టు, మళ్ళపోయేటప్పుడు ఆ కాయితం చూస్తే డాక్టర్‌కు మీ అన్నను అడిగే పని ఉండది.

మూడోది, నోరు రెండు వేళ్ళ సందే తెరుచుకుంటది అన్నవు కదా, ముందుముందు మింగుడు కష్టమైతది. ఇప్పుడున్న మామూలు గోళిని నలగ్గొట్టి నీళ్ళల్ల కలిపి ఇయ్యొచ్చు. పన్నెండు గంటలకోసారి వేసే గోళీలు గూడ ఉంటయి, షీటు మీద పేరు పక్కన ఎస్ఆర్ అని ఉంటది, అవి నీకు అల్కగ ఉంటయి గని వాటిని ఎన్నడు విరగ్గొట్టొద్దు, నలగ్గొట్టొద్దు, పన్నెండు గంటల మందు ఒక్కసారే దిగుతది. నీ దగ్గర ఉన్న షీటు మీద ఆ అక్షరాలు లేవు గదా అని ఇప్పుడే చూసుకో, ఇన్ని దినాలు సగం చేసినవు కాబట్టి. ఫెంటనిల్ ప్యాచ్ అని చర్మానికి అంటించేది ఉన్నది, మూడు దినాలకోసారి మార్చాలె, మింగేది లేదు. కని అది ఖర్చు, నొప్పి ఎంత మోతాదుకు ఆగుతదో తేలినంకనే అంటిస్తరు, పైగ వేడి తగిలితే మందు ఎక్కువ దిగుతది, మన వరంగల్ ఎండల, రేకుల ఇంట్ల, వేడినీళ్ళ సంచి పెట్టినా ప్రమాదమే. ఇప్పటికైతే దాని జోలికి పోవాల్సిన పని లేదు.

అన్న గురించి. ఆయన చెడ్డోడని నాకనిపిస్తలేదు, అమ్మను పోగొట్టుకుంటా అని భయం ఉన్నోడు. నువ్వు చెప్పకుంట టైముకు ఇచ్చుకోవచ్చు, నాలుగు దినాలు నడుస్తది, ఎన్నడన్న తెలిస్తే అమ్మకు ఏమైనా నీ మీదికే వస్తది, ఆ మాట జీవితమంత మోస్తవు. ఆయనను డాక్టర్ దగ్గరికి తీస్కపోయి ఆర్ఎంపీ చెప్పిన మాట డాక్టర్ ముంగటనే అడిగియ్యి, ఇది కష్టం గని నిలుస్తది. పోలీసులు పట్టుకుంటరనే భయం గూడ ఉన్నట్టున్నది, 1985 ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కింద మార్ఫిన్ కట్టుబాట్ల మందే, నిజమే, కని రోగుల కోసమే 2014ల ఆ చట్టం సవరించి గుర్తింపు ఉన్న దవాఖానలు దీన్ని ఇచ్చేటట్టు సులువు చేసిన్రు. అమ్మ పేరు మీద చీటీ ఉంటే ఇంట్ల పెట్టుకునుడు నేరం కాదు, చీటీ గోళీల పక్కనే పెట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977ల మొట్టమొదటిసారి తప్పనిసరి మందుల జాబితా రాసినప్పుడే అందుల మార్ఫిన్ ఉన్నది. అన్నకు ఇవన్ని చెప్పినా ఒక రాత్రి అమ్మ దగ్గర పండుకోమను, నువ్వు వేరే అర్రల పండుకో. ఆ రాత్రి పని చేసినట్టు నా మాటలు చెయ్యవు.

దిండుల ఏం దొరకకపోతే ఇంటాయన సంగతి. బస్తాలు మోసిన నడుము, దగ్గర్నే మందు ఉన్నది, ఒకటి వేసుకొని చూసిండేమో, తప్పు పట్టే ముందు అది సమజ్ చేసుకో. పిల్లల ముంగట కాకుంట ఒక్కడే ఉన్నప్పుడు అడుగు. వేసుకున్న అంటే మూడు ముచ్చట్లు చెప్పు. ఆ మందు అలవాటు లేని ఒంటికి, అందులో మాపు సారా తాగి వేసుకుంటే నిద్రలనే ఊపిరి ఆగొచ్చు. ఎన్నో ఏండ్ల నడుము నొప్పికి ఇది సరైన మందు గూడ కాదు, మెడికల్ షాపులల్ల అడిగే ట్రమడాల్ గూడ ఇదే జాతి, 2018ల దాన్ని గూడ ఎన్‌డీపీఎస్ కిందికి తెచ్చిన్రు, దానికి ఫిట్స్ గూడ వస్తయి. ఆయనకు ఎముకల డాక్టర్, ఫిజియోథెరపీ కావాలె. రోజు వేసుకోకుంట ఉండలేకపోతున్న అంటే అవమానించకు, సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులనే మాట్లాడుతరు. అమ్మ పేరు మీద ఇచ్చిన మందు ఇంకొకరికి పోవుడు మాత్రం చట్టంల తప్పే, అదొక్కటి గట్టిగ చెప్పు.

ఎవరు తీసినా ఇయ్యాల్నుంచి గోళీలు సందుగల పెట్టి తాళమెయ్యి, తాళంచెవి నీ పుస్తెలతాడుకే ఉండాలె. ఐదేండ్ల పిల్లగాడున్నడని రాసినవు, వాని వయసుకు ఒక్క గోళి చాలు ప్రాణం మీదికి రానీకి. ప్రతి రాత్రి లెక్కపెట్టి క్యాలెండర్ల ఆ దినం గడిలనే రాయి. మిగిలినయి ఎవ్వరికి ఇయ్యకు, పారెయ్యకు, ఇచ్చిన దవాఖానకే వాపసు చెయ్యాలె.

నెలకోసారి హైదరాబాద్ పోవుడు భారమైతే మన రాష్ట్రంల జిల్లాలల్ల సర్కారు పాలియేటివ్ కేర్ సెంటర్లు, అంటే నయం కాని రోగంల నొప్పి, బాధ తగ్గించి చూసుకునేటియి, ఉన్నయి, కొన్నిచోట్ల ఇంటికొచ్చి చూస్తరు గూడ, మీ ఆశా వర్కర్‌ను, ఎంజీఎంల అడిగి తెలుసుకో. అక్కడ నొప్పి ఒక్కటే కాదు, పుండు వాసన, నోరు శుభ్రం, నీ నిద్ర గురించి గూడ అడుగుతరు.

దిండు గలీబు ఈ మాపే మార్చు. ఫోన్ల డాక్టర్ ఎంతతోని మొదలువెట్టుమన్నడో, మూడో రాత్రి అమ్మ ఎన్ని గంటలు పండుకున్నదో నాకు రాయి.